8 గంటల నవల, 92 నిమిషాల సినిమా, మధ్యలో సైబరాబాద్

కొండాపూర్‌లో శరత్ సిటీ క్యాపిటల్ మాల్ పైన ఏఎంబీ సినిమాస్ ఉంది. 2018 డిసెంబరులో 7 తెరలతో మొదలైంది. అక్కడ మామూలు టికెట్ 295 రూపాయలు. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు జీవో మల్టీప్లెక్స్ టికెట్‌కి 250 రూపాయల హద్దు పెట్టింది. వంద దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే 45 రూపాయలు. రెండూ కలిస్తే 295. రిక్లైనర్ అయితే 300 మీద 54 కలిసి 354. ఏసీ ఉన్న సింగిల్ థియేటర్‌లో 150 మీద 27 కలిసి 177. పెద్ద హీరోల సినిమాలకు ప్రత్యేక అనుమతితో రేట్లు పెంచే రోజులు వేరు. ఆ రోజుల్ని వదిలేసినా, నలుగురున్న ఇల్లు ఐటీ కారిడార్‌లో ఒక సినిమా చూడాలంటే పాప్‌కార్న్ ముట్టకుండానే 1,180 రూపాయలు.

టికెట్ డబ్బు ఎటు పోతుందో అందరూ లెక్కలు వేస్తారు. తెర మీద కథ ఎటునుంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. మనిషి మనసులోకి దిగి భయపెట్టే థ్రిల్లర్ల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యమని నా నమ్మకం.

2019 ఆగస్టు సంగతే చూడండి. 2వ తేదీన ‘రాక్షసుడు’ వచ్చింది. 15న ‘ఎవరు’ వచ్చింది. రెండూ బిగువుగా తీసిన సినిమాలే, జనం మెచ్చినవే. మొదటిది 2018 అక్టోబరు 5న విడుదలైన తమిళ ‘రాట్చసన్’కి రీమేక్. పది నెలలు తిరక్కుండానే తెలుగులోకి దిగింది. రెండోది ఓరియోల్ పావ్లో తీసిన 2016 నాటి స్పానిష్ సినిమా ఆధారంగా వచ్చింది. 13 రోజుల తేడాలో రెండు మంచి థ్రిల్లర్లు చూశాం, రెండు కథలూ బయటివే.

‘రాక్షసుడు’ అన్న పేరుతోనే 1986 అక్టోబరు 2న ఇంకో సినిమా వచ్చింది. చిరంజీవి హీరో, ఎ. కోదండరామిరెడ్డి దర్శకుడు, ఇళయరాజా సంగీతం. దానికి మూలం అదే పేరుతో యండమూరి వీరేంద్రనాథ్ రాసిన నవల. ఒకే పేరున్న ఈ రెండు సినిమాల మధ్య 33 ఏళ్లు గడిచాయి. మొదటిదాని వెనక తెలుగు పుస్తకం ఉంది. రెండోదాని వెనక ఇంకో భాష సినిమా ఉంది. ఆ మధ్యలో మన దగ్గర ఏదో తెగిపోయింది.

లండన్ లెక్క

బ్రిటిష్ వాళ్ల దగ్గర పుస్తకాన్ని సినిమాతో కలిపే ఆ దారం తెగలేదు. జోయీ హెల్లర్ నవల ‘నోట్స్ ఆన్ ఎ స్కాండల్’ 2003లో వస్తే సినిమా 2006లో వచ్చింది. ఇయన్ మెక్‌యూవన్ ‘ఎండ్యూరింగ్ లవ్’ 1997 నవల, 2004 సినిమా. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ద టర్న్ ఆఫ్ ద స్క్రూ’ని 1961లో ‘ద ఇన్నోసెంట్స్’గా తీశారు, అంటే 63 ఏళ్ల తర్వాత. గడువులో తేడాలున్నా పుస్తకం ముందు, సినిమా తర్వాత అన్న వరస మాత్రం మారదు.

ఇదే వరసలో వచ్చిన ఇంకోదాన్ని దగ్గరగా చూద్దాం. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడుకి శస్త్రచికిత్స చేశారు. మూర్ఛలు తగ్గాయి గానీ కొత్త జ్ఞాపకం నిలవడం పోయింది. అలా 55 ఏళ్లు బతికి 2008 డిసెంబరులో, 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ మరణవార్త ఎస్.జె. వాట్సన్ అనే ఆయన్ని పట్టుకుంది. ఆయన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో వినికిడి లోపాల నిపుణుడిగా పనిచేస్తూ, ఫేబర్ అకాడమీ వాళ్ల నవలా రచన కోర్సులో చేరాడు. 2011లో ‘బిఫోర్ ఐ గో టు స్లీప్’ అచ్చయింది. 2014లో రోవన్ జోఫీ దర్శకత్వంలో, నికోల్ కిడ్‌మన్, కోలిన్ ఫర్త్‌లతో సినిమా వచ్చింది. వార్త నుంచి పుస్తకానికి 3 ఏళ్ల లోపే, పుస్తకం నుంచి తెరకి ఇంకో 3 ఏళ్లు.

కథ మొదలయ్యే తీరు చూడండి. నడివయసు క్రిస్టీన్ నిద్ర లేస్తుంది. ఇల్లు తెలియదు, పక్కన పడుకున్న మగమనిషి ఎవరో తెలియదు. బాత్రూమ్‌లోకి వెళ్తే అద్దంలో తను అనుకున్న వయసు కన్నా ఇరవై ఏళ్లు పెద్దదైన ముఖం కనిపిస్తుంది. చుట్టూ అంటించిన ఫొటోలు. ‘నేను నీ భర్తని’ అంటాడు అతను. రాత్రి నిద్రపోతే ఇదంతా చెరిగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదటికి. ఆయన బయటికి వెళ్లాక ఒక డాక్టరు ఫోన్ చేసి, బీరువాలో నువ్వే దాచుకున్న డైరీ ఉంది, తీసి చదువు అంటాడు. ఆ డైరీ మొదట్లోనే భర్తని నమ్మవద్దన్న హెచ్చరిక తన చేతిరాతలోనే ఉంటుంది.

దీన్ని సినిమాగా మలిచినప్పుడు ఏం జరిగిందో లెక్కగా చెప్పొచ్చు. ఆ తరహా నవల లక్ష మాటలనుకుందాం. నిమిషానికి 200 మాటల చొప్పున చదివితే 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. సినిమా నిడివి 92 నిమిషాలు. పాఠకుడు ఆమె తలలో గడిపిన సమయంలో అయిదో వంతు కూడా ప్రేక్షకుడికి దక్కదు. డైరీ చదువుతుంటే చూడటానికి ఏమీ ఉండదు కనుక సినిమావాళ్లు డైరీని పక్కన పెట్టి ఆమె చేతికి చిన్న డిజిటల్ కెమెరా ఇచ్చారు. ఆమె కెమెరాతో మాట్లాడుతుంది, మర్నాడు తనని తానే చూసుకుని అపరిచితురాలి మాట విన్నట్టు వింటుంది. నవలలో మనసు లోపల జరిగినదాన్ని తెరమీదికి తేవడానికి ఇంతకన్నా తెలివైన మార్పు నాకు కనిపించలేదు. అయినా నవలకి పట్టిన బ్రహ్మరథం సినిమాకి పట్టలేదు. ఆ సంగతీ చెప్పుకోవాలి. పుస్తకం ఉన్నంత మాత్రాన సినిమా ఆడుతుందన్న పూచీ లేదు.

పూచీ లేనప్పుడు పుస్తకం దేనికి? కథకి ముందే ఒక పరీక్ష జరుగుతుంది, అందుకు. చదివే మనిషికి విసుగు పుట్టిన చోట పుస్తకం మూతపడుతుంది. ఆ చోటు ఎక్కడో నిర్మాతకి ముందే తెలుస్తుంది. పైగా మనసు థ్రిల్లర్‌కి కావాల్సిన సరుకు పాత్ర ఏం చేసిందన్నది ఒక్కటే కాదు. ఏం అనుకుంది, అనుకున్నదాంట్లో ఎంత నిజం, ఎంత భ్రమ అన్నది ముఖ్యం. దాన్ని పది పేజీల కథాసారంలో పట్టుకోవడం నా దృష్టిలో అసాధ్యం. దానికి ఎవరో ఒకరు ఏడాదో రెండేళ్లో ఆ పాత్ర తలలో కాపురం ఉండాలి. నవలాకారులు చేసేది ఆ పనే.

1983 నుంచి 1988

మనకిది కొత్త విద్య కాదు. 1983లో ‘అభిలాష’, 1984లో ‘ఛాలెంజ్’, 1986లో ‘రాక్షసుడు’, 1988లో ‘మరణ మృదంగం’. ఆరేళ్లలో నాలుగు సినిమాలు. నాలుగింటికీ నిర్మాత కె.ఎస్. రామారావు, దర్శకుడు కోదండరామిరెడ్డి, హీరో చిరంజీవి, సంగీతం ఇళయరాజా, మూలం యండమూరి నవల. అప్పటికే జనం ఎగబడి చూస్తున్న హీరోకి కథ వెతకడానికి ఒక నిర్మాత నాలుగుసార్లు నవలల దగ్గరికి వెళ్లాడు. ఇవాళ అలాంటి వరస ఒక్కటి చూపించమంటే చూపించలేం.

అన్నీ మనసు థ్రిల్లర్లు కావు. ‘ఛాలెంజ్’ అయిదేళ్లలో 50 లక్షలు సంపాదిస్తానన్న పందెం కథ. దాని నవల పేరు ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’. రాసిన మనిషి చార్టర్డ్ అకౌంటెంట్ కూడా అని గుర్తుంటే ఆ పేరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. నాలుగింట్లో నన్ను ఎక్కువ పట్టి కుదిపింది మాత్రం ‘అభిలాష’.

అందులో హీరో యువ లాయరు. భారత శిక్షాస్మృతిలో హత్యకి ఉరిశిక్ష వేసే 302వ సెక్షన్ మీద అతని పోరాటం. నిర్దోషిని కూడా ఈ చట్టం ఉరికంబం ఎక్కించగలదని నిరూపించడానికి తనే నేరస్థుడిలా కనిపించేట్టు సాక్ష్యాలు పేర్చుకుంటాడు. అసలు సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకరు చివర్లో వచ్చి నిజం చెప్పాలన్నది ఒప్పందం. ఆ పెద్దమనిషి ప్రమాదంలో పడతాడు. ఇక మిగిలింది జైలు గది, దగ్గరపడుతున్న ఉరి తేదీ, తను పేర్చిన సాక్ష్యాలే తన మెడకి చుట్టుకున్న మనిషి. బయట శత్రువు కన్నా తన తెలివే తనకి శత్రువైన కథ ఇది.

ఇది గాలిలోంచి రాలేదు. మరణశిక్ష రాజ్యాంగబద్ధమే అయినా ‘అరుదైనవాటిలో కెల్లా అరుదైన’ కేసులకే వెయ్యాలని సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది 1980లో. దేశం ఆ చర్చలో ఉండగా, మూడేళ్లలో ఒక తెలుగు కథ తెర మీదికి ఎక్కి ఊరూరా అదే ప్రశ్న అడిగింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక హత్యకి శిక్ష 103వ సెక్షన్ కిందికి మారింది. ‘అభిలాష’ చూసిన వాళ్ల నోట మాత్రం ఇప్పటికీ 302 అన్న అంకె వస్తుంది.

ఆనాటి పద్ధతిలో ఇంకో అంకె ఉంది, దాన్ని తక్కువగా చూడకూడదు. ఏడాదికి 52 వారాలు. వారపత్రికలో 40 వారాలు సీరియల్ నడిచిందంటే రచయిత 39 సార్లు పాఠకుణ్ని ఒక అంచున నిలబెట్టి ‘సశేషం’ అనాలి. ప్రతిసారీ తర్వాతి వారం పత్రిక కొట్టు దగ్గరికి పాఠకుడు తిరిగి వచ్చాడా లేదా అన్నది పరీక్ష ఫలితం. అప్పట్లో సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’ వస్తున్న రోజుల గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న దగ్గర తగువు. రాత్రి ఒంటరిగా చదవడానికి జంకు. పొద్దున్నే బావి దగ్గర, ఆఫీసులో, రైల్లో అదే ముచ్చట.

ఆ నవలలో చిన్నపాప మీద కాష్మోరా అనే క్షుద్ర ప్రయోగం జరిగిందన్న వాదన ఒక పక్క నడుస్తుంది. వైద్యం, హిప్నాటిజం ఇంకో పక్క నడుస్తాయి. పాపని ఏది కాపాడిందో పాఠకుడే తేల్చుకోవాలి. మూఢనమ్మకాలు పెంచుతోందని రంగనాయకమ్మ దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఒక థ్రిల్లర్ నవల మీద అంత వేడిగా వాదులాడుకున్న సమాజం మనది. 1985లో కన్నడంలో అది సినిమా అయింది. దాని తరువాయి నవల ‘తులసి’ 1986లో తెలుగులో ‘కాష్మోరా’గా వచ్చింది.

ఎక్కడ తెగింది

ఒక్క కారణం చెప్పి ఊరుకుంటే తప్పవుతుంది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. వారానికొకసారి వచ్చే ‘సశేషం’ రోజూ రాత్రి భోజనాల వేళకి వచ్చింది, అదీ చదివే శ్రమ లేకుండా. వారపత్రికలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. నవలకి ఉన్న ఆ ఉచిత పరీక్షశాల పోయింది. నిర్మాతకి ‘ఇది జనానికి నచ్చింది’ అని చెప్పే ఆధారం కావాలి కదా. ఆ ఆధారం పక్క భాషలో ఆడిన సినిమా రూపంలో దొరికింది. రీమేక్ హక్కు కొంటే కథతో పాటు షాట్లు, సంగీతం ఎక్కడ రావాలో, విరామం ఎక్కడ పడాలో కూడా చేతికొస్తాయి. నిర్మాత దాన్ని ఎంచుకుంటే తప్పుపట్టలేం. అయితే రీమేక్ కథలో మనుషులు ఇక్కడివాళ్లు కారు. వాళ్ల భయాలు ఇంకో ఊళ్లో పుట్టినవి.

సొంత కథతో వచ్చినవి లేవా అంటే ఉన్నాయి. చంద్రశేఖర్ యేలేటి తీసిన ‘అనుకోకుండా ఒక రోజు’ 2005లో వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి సహస్ర జీవితంలోంచి ఒక రోజు మాయమవుతుంది. ఆ రోజు ఏం చేసిందో గుర్తులేదు, కానీ ఎవరో చంపడానికి వెంటపడుతుంటారు. రోజూ జ్ఞాపకం పోయే క్రిస్టీన్ కథ అచ్చయింది 2011లో. ఒక్క రోజు పోయిన మన అమ్మాయి కథ ఆరేళ్ల ముందే తెర మీదికి వచ్చింది. 2008లో హిందీలో ‘సండే’ పేరుతో మళ్లీ తీశారు. మనకి ఊహ కరువైందని ఎవరన్నా అంటే నేను ఈ సినిమా పేరు చెబుతాను. అది పుస్తకంగా కూడా ఉండి ఉంటే ఆ అమ్మాయి లోపలి గందరగోళం ఎంత దూరం వెళ్లేదో అన్న వెలితి మాత్రం నాకుంది.

హైటెక్ సిటీ వయసుని కూడా ఈ లెక్కలో చేర్చాలి. ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించింది 1998 నవంబరు 22న. ‘మరణ మృదంగం’ వచ్చి అప్పటికి పదేళ్లు. అంటే నవల చదివి సినిమాకి వెళ్లిన తరం, మాదాపూర్‌లో ఉద్యోగం చేసే తరం దాదాపుగా కలుసుకోలేదు. వారపత్రిక కోసం ఎదురుచూసిన ఇంటి పిల్లలే ఇక్కడికి వచ్చారు, ఆ అలవాటు మాత్రం వాళ్ల వెంట రాలేదు.

ఇక్కడి భయం

మనసు థ్రిల్లర్‌కి సైబరాబాద్‌లో సరుకు ఉందా అని అడిగేవాళ్లకి ఒక లెక్క చూపిస్తాను. డిజిటల్ అరెస్టు, దాని తరహా సైబర్ మోసాల మీద దేశమంతా 2022లో 39,925 ఫిర్యాదులు వచ్చాయనీ, పోయిన డబ్బు సుమారు 91 కోట్లనీ కేంద్ర హోం శాఖ పార్లమెంటుకి చెప్పింది. 2024లో ఫిర్యాదులు 1,23,672. డబ్బు సుమారు 1,935 కోట్లు. భాగించి చూస్తే ఒక్కో ఫిర్యాదుకి 2022లో దాదాపు 22,800 రూపాయలు, 2024లో లక్షా 56 వేల పైచిలుకు. ఫిర్యాదులు మూడింతలైతే ఒక్కో మనిషి పోగొట్టుకున్నది దాదాపు ఏడింతలైంది. వల ఎక్కువ చోట్ల పడటమే కాదు, పడిన చోట లోతుగా దిగుతోంది.

ఆ లోతు ఎక్కడిదో చూడండి. ఒక ఫోన్ వస్తుంది. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయంటారు. వీడియోలో ఖాకీ చొక్కా, వెనక గోడకి ప్రభుత్వ చిహ్నం, బల్ల మీద వాకీటాకీ. ఆధార్ నంబరు వాళ్లే చదివి వినిపిస్తారు. తలుపు గడియ వేసుకో, కెమెరా ఆపొద్దు, భార్యకి చెప్పినా నేరమే అంటారు. బాధితుడు కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో పదో అంతస్తు ఫ్లాట్‌లో, సొంత మంచం మీద, తాళం లేని జైల్లో గంటలు, ఒక్కోసారి రోజులు కూర్చుంటాడు. వంటింట్లో కుక్కర్ విజిల్ వినిపిస్తూనే ఉంటుంది. పక్క గదిలో మనిషి ఉంది, పిలిస్తే పలుకుతుంది, పిలవడానికి ధైర్యం చాలదు. డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. అయినా చదువుకున్న మనిషి దానికి లొంగిపోతాడు. ఆ స్థితిలో ఎవరైనా ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

క్రిస్టీన్ కథ కూడా ఇదే. పక్కనున్న గొంతు చెప్పిందే నిజమని నమ్మక తప్పని స్థితి. లండన్ రచయిత దాన్ని జ్ఞాపకం పోయిన మనిషి ద్వారా చెప్పాడు. ఇక్కడ జ్ఞాపకం, చదువు, జీతం అన్నీ సవ్యంగా ఉన్న మనిషికి అదే జరుగుతోంది. వార్తల్లో ఇది నాలుగు పంక్తులు, ఇన్ని లక్షలు పోయాయని. ఆ గదిలో మూడో గంటకీ అయిదో గంటకీ మధ్య ఆ మనిషి తనతో తాను ఏమని వాదించుకున్నాడు, ఏ క్షణంలో తనే నేరస్థుణ్నేమో అనుకోవడం మొదలుపెట్టాడు? ఇది పోలీసు రికార్డుకి ఎక్కదు. నవలలోనే దొరకాలి. మన దగ్గర ఆ నవల రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చదివేవాళ్లు ఎందరు, ఖర్చు ఎంత

2022-23 నాటికి తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 9,05,715 మంది. ఇందులో తెలుగు చదవనివాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి నూటికి ఒక్కరినే తీసుకుందాం. 9,057 మంది. తెలుగులో ఇవాళ ఒక నవల మామూలుగా అచ్చయ్యేది వెయ్యి కాపీలు. అవి అమ్ముడుపోవడానికే ఏళ్లు పట్టే సందర్భాలు బోలెడు. ఐటీ కారిడార్‌లో నూటికి ఒక్కరు ఒక్క నవల కొంటే తొమ్మిది ముద్రణలు అయిపోతాయి.

చదవడానికి తీరిక ఏదంటారు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో బ్లూ లైన్‌లో 23 స్టేషన్లు, ఆ కొస నుంచి ఈ కొసకి దాదాపు గంట. హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో, రాయదుర్గం దాకా ఆ నవంబరులో రైలు వచ్చింది. రానుపోను రోజుకి రెండు గంటలు, అయిదు పనిదినాలకి పది గంటలు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి నిమిషానికి 120 చదువుతామనుకున్నా, 60,000 మాటల నవల 500 నిమిషాల్లో అయిపోతుంది. సోమవారం మొదలుపెడితే శుక్రవారం సాయంత్రానికి ముగింపు. ఆ బండిలో సీటు దొరకని రోజులున్నాయి, నిజమే. ఫోన్‌లో నవల చదవడానికి, చెవుల్లో వినడానికి నిలబడ్డా చాలు.

ఇక ఖర్చు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో పుస్తకంగా వచ్చింది, 2021 అక్టోబరులో క్రిష్ దర్శకత్వంలో సినిమా అయింది. గడువు రెండేళ్లు, బ్రిటన్ కన్నా తక్కువే. నల్లమలలో గొర్రెలతో గడిపిన కుర్రాడి భయం ఆ నవలలో ఎంత చిక్కగా ఉంటుందో చదివినవాళ్లకి తెలుసు. సినిమా వసూళ్లు నిరాశపరిచాయి, అయినా దాని వల్ల ఆ నవల మరెంతోమందికి తెలిసింది. ఇలాంటి బహుమతి రెండేసి లక్షలు పెట్టి, పదిమంది రచయితల చేత ఏడాదికి పది థ్రిల్లర్ నవలలు రాయించారనుకుందాం. 20 లక్షలు. చిన్న థ్రిల్లర్ సినిమా 5 కోట్లలో తీస్తారనుకుంటే దాంట్లో 4 శాతం. పన్ను తీసేసిన మల్టీప్లెక్స్ టికెట్లలో చెప్పాలంటే 8,000 టికెట్ల సొమ్ము. ఫిలింనగర్‌లో ఒక సెట్ వేసి, నచ్చక పీకేసిన రోజున అంతకన్నా ఎక్కువ పోతుంది. పది నవలల్లో రెండు తెరకి పనికొచ్చినా గిట్టుబాటే. మిగిలిన ఎనిమిదీ పుస్తకాలుగా అమ్ముడుపోతాయి.

రచయిత వైపు నుంచి కూడా కొన్ని అంకెలు తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం నవలని సినిమాగా తీసే హక్కు రచయితదే. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా అది వారసులది. ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ 1973లో విజయనిర్మల చేతుల్లో అదే పేరుతో సినిమా అయింది. 43 ఏళ్ల తర్వాత 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు మూలం ఆ నవలే కదా, ఆమె పేరేదీ అని పాఠకులే నిలదీశారు. అంతకాలం ఒక నవలని గుర్తుంచుకున్న పాఠకులు మనకున్నారు.

బ్రిటన్‌లో నిర్మాత సాధారణంగా హక్కులు మొత్తం ఒకేసారి కొనడు. ‘ఆప్షన్’ తీసుకుంటాడు. పూర్తి ధరలో పదో వంతు అటూఇటూగా కట్టి, ఏడాది నుంచి ఏడాదిన్నర గడువు పెట్టుకుంటాడు. ఆ గడువులో డబ్బు, నటులు కుదిరితే మిగతాది చెల్లిస్తాడు. మన లెక్కల్లో పూర్తి హక్కు 10 లక్షలనుకుంటే ముందు లక్ష కడతాడన్నమాట. మన చట్టంలోనూ రచయితకి రక్షణ ఉంది. 19వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, హక్కు తీసుకున్నవాళ్లు ఏడాది లోపు దాన్ని వాడుకోకపోతే అది చెల్లదు. ఎంతకాలానికో రాసుకోకపోతే అయిదేళ్లకే అని అర్థం. ఎంత మేర అన్నది రాసుకోకపోతే భారతదేశం వరకే. తెల్లకాగితం మీద ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అని రాసివ్వాల్సిన అవసరం ఏ తెలుగు రచయితకీ లేదు. గడువు వేసి సంతకం పెడితే, సినిమా కాని నవల ఏడాదిన్నరకి రచయిత చేతికే తిరిగి వస్తుంది. ముందు ఇచ్చిన లక్ష రచయితదే, నవలని ఇంకో నిర్మాతకి చూపించుకునే హక్కూ రచయితదే.